సైకిల్ మీద చలిగాలికి పాత దినపత్రిక

ఇంటి నుంచి పనిచేసే రోజున, మధ్యలో దొరికిన విరామంలో కాసేపు సైకిల్ తొక్కి వద్దామంటే, చలిగాలి సూటిగా ఛాతీకి తగిలి, తిరిగి వచ్చి పనిలో కూర్చున్నాక కూడా వణుకు తగ్గదు. మందపాటి కోటు వేసుకుంటే కాసేపటికే చెమట పడుతుంది.

ఇందుకు ఉదయం చదివి పక్కన పెట్టిన దినపత్రిక చాలు. రెండు మూడు పెద్ద కాగితాలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఒకసారి ఉండలా నలిపి మళ్లీ చదును చేసి, సగానికి మడిచి, బనియనుకూ పైన వేసుకునే జాకెట్‌కూ మధ్య, మెడ కింది నుంచి పొట్ట వరకు వచ్చేలా పెట్టుకుని జిప్పు పైదాకా లాగాలి. నలిపిన కాగితం ఒంటి వంపుకు సరిగ్గా అమరుతుంది. గరగర చప్పుడూ తగ్గుతుంది. ఫ్రాన్స్‌లో జరిగే పేరున్న సైకిల్ పోటీ టూర్ ద ఫ్రాన్స్‌లో పాల్గొనేవాళ్లు కొండ దారి దిగేముందు జెర్సీలో పత్రిక దోపుకోవడం పాత పద్ధతే. ఆదివారం అనుబంధాల నున్నటి కాగితం జారిపోతుంది కనుక మామూలు పుటలే మేలు. వచ్చాక కాగితం పొడిగా ఉంటే, పనిచేసేటప్పుడు చల్లటి నేల మీద పాదాల కింద దాన్నే పరచుకోవచ్చు.

అయితే వానలోనూ, చెమట ధారగా పట్టే ఎత్తు దారిలోనూ ఇది పనికిరాదు. తడిసిన కాగితం ఒంటికి అంటుకుని చలిని పెంచుతుంది కాబట్టి వెంటనే తీసివేయాలి. లేత రంగు బట్టలకు సిరా కూడా అంటుతుంది.