బోన్ ట్యూమర్ సర్జరీకి హోలోలెన్స్‌తో ప్లాన్ చేసే ముందు జాగ్రత్తలు

(హోలోలెన్స్ అంటే స్కాన్‌ల నుంచి చేసిన త్రీడీ మోడల్‌ను హోలోగ్రామ్‌గా, అంటే గాల్లో తేలే బొమ్మలా, కళ్ల ముందు చూపే కళ్లద్దాలు.)

– స్కాన్ తేదీ చూడండి. ఆస్టియోసార్కోమాకు (ఒక రకం ఎముక క్యాన్సర్) సాధారణంగా కొంత కీమో అయ్యాకే సర్జరీ. కీమోకు ముందు తీసిన ఎంఆర్ఐతో త్రీడీ మోడల్ చేస్తే కళ్లద్దాల్లో కనిపించే గడ్డ ఒకలా, కాలిలో ఉన్నది ఇంకోలా ఉండొచ్చు. కోత గడ్డలోంచి పోయిందా, జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

– సీటీ ఒక్కటే సరిపోదు. ఎముక ఆకారం అందులో చక్కగా వస్తుంది గానీ, మజ్జలో గడ్డ ఎంతదాకా పాకిందో ఎంఆర్ఐలోనే బాగా తెలుస్తుంది.

– గడ్డ అంచులు సాఫ్ట్‌వేర్ గీసినా రేడియాలజిస్టు చూడాల్సిందే.

– హోలోగ్రామ్‌ను ఎముకపై కూర్చోబెట్టాక ప్రోబ్ (పుల్లలాంటి పరికరం) కొనను తెలిసిన గుర్తు మీద, మోకాలి దగ్గరైతే ఎపికాండైల్ (తొడ ఎముక కింది చివర పక్కనుండే ఉబ్బు) మీద, ఆనించి చూడండి. పక్కకు జరిగి మళ్లీ చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు జరిగినా కంటికి తెలియకపోవచ్చు. కటి ఎముకల్లో నరాలు, రక్తనాళాలు పక్కనే ఉంటాయి కాబట్టి అక్కడ అస్సలు తొందరపడొద్దు.

– కుడా, ఎడమా? ఫైలు మార్చేటప్పుడు మోడల్ అద్దంలో బొమ్మలా తిరగబడవచ్చు.

– హోలోలెన్స్ 2 ఛార్జింగ్ 2–3 గంటలే వస్తుంది. మధ్యలో ఆగిపోతే పనికొచ్చేలా సి-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో వాడే ఎక్స్‌రే యంత్రం), కొలిచే స్కేలు ఆపరేషన్ టేబుల్ పక్కనే ఉంచండి.