తైవాన్ దౌత్యవేత్త పదవుల జాబితాను అర్థం చేసుకోవడం ఎలా? జోసెఫ్ వూ ఉదాహరణ

తైవాన్ దౌత్యవేత్తల గురించి చదివేటప్పుడు పదవి పేరును బట్టి హోదాను అంచనా వేయకూడదు. 1979 జనవరి 1 నుంచి అమెరికా బీజింగ్‌ను (చైనా ప్రభుత్వాన్ని) గుర్తించి తైవాన్ రాజధాని తైపేతో అధికారిక సంబంధాలు తెంచుకున్నందున, వాషింగ్టన్‌లో తైవాన్‌కు రాయబార కార్యాలయం లేదు; ఆ పనులన్నీ తైపే ఆర్థిక, సాంస్కృతిక ప్రతినిధి కార్యాలయం చూస్తుంది. కాబట్టి తైవాన్ మాజీ విదేశాంగ మంత్రి జోసెఫ్ వూ 2007-08లో అక్కడ 'ప్రతినిధి'గా ఉన్నారని కనిపిస్తే, ఆచరణలో అది రాయబారి బాధ్యతేనని గ్రహించాలి. న్యూఢిల్లీలో 1995 నుంచి ఉన్న తైపే ఆర్థిక, సాంస్కృతిక కేంద్రం కూడా ఇటువంటిదే.

తరువాత పదవీకాలాల పక్కన అధ్యక్షుల పేర్లు రాసుకోవాలి. 1954లో జన్మించిన వూ విదేశాంగ సర్వీసు ద్వారా వచ్చినవారు కారు. 1989లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రంలో డాక్టరేట్ పొందిన పరిశోధకులు. డెమొక్రాటిక్ ప్రోగ్రెసివ్ పార్టీకి చెందిన చెన్ షుయ్-బియాన్ హయాంలో 2002లో ప్రభుత్వంలోకి వచ్చారు. 2008లో ప్రత్యర్థి పార్టీ కువోమింటాంగ్ గెలవడంతో ఆయన తిరిగి విద్యారంగానికి వెళ్లారు. 2016లో చెన్ పార్టీకే చెందిన సై ఇంగ్-వెన్ అధ్యక్షురాలు కాగానే మళ్లీ పదవిలోకి వచ్చారు. మధ్యలో ఉన్న ఖాళీకి కారణం ఎన్నికల ఫలితమే తప్ప వైఫల్యం కాదు.

ఎక్కువమంది పొరబడేది పదవుల బరువు దగ్గర. 2018 ఫిబ్రవరి నుంచి ఆరేళ్లకు పైగా విదేశాంగ మంత్రిగా ఉన్న వూ 2024 మేలో జాతీయ భద్రతా మండలి ప్రధాన కార్యదర్శి అయ్యారంటే, కార్యదర్శి అనగానే మంత్రి కింద పనిచేసే అధికారిని ఊహించుకునే మనకు అది స్థాయి తగ్గింపుగా తోస్తుంది. నిజానికి తైవాన్‌లో విదేశాంగం, రక్షణ, చైనాతో సంబంధాలు నేరుగా అధ్యక్షుడి పరిధిలోకి వస్తాయి గనుక, ఈ మూడింటిపై ఆయనకు సలహా ఇచ్చే మండలిని నడిపే వ్యక్తి అధికార కేంద్రానికి అత్యంత సమీపంలో ఉంటారు. మన జాతీయ భద్రతా సలహాదారుతో పోల్చుకోవచ్చు. పైగా చైనా విధానం విదేశాంగ శాఖది కాదు, దానికి ప్రధాన భూభాగ వ్యవహారాల మండలి వేరుగా ఉంది. వూ 2004 నుంచి 2007 వరకు ఆ మండలి అధ్యక్షులు కూడా.

పనితీరును ఒక్క అంకెతో తూచరాదు. వూ మంత్రిగా ఉన్న కాలంలో తైవాన్‌ను అధికారికంగా గుర్తించే దేశాలు 20 నుంచి 12కు తగ్గాయి. అదే కాలంలో, 2021 నవంబరులో, లిథువేనియా రాజధాని విల్నియస్‌లో 'తైపే' బదులు 'తైవాన్' పేరుతోనే కార్యాలయం తెరుచుకుంది, బీజింగ్ ఆగ్రహించి ఆ దేశంతో దౌత్య సంబంధాల స్థాయిని తగ్గించింది. మొదటిదాన్ని మాత్రమే ప్రస్తావించే వ్యాసం సగం కథే చెబుతుంది.

చివరగా, పేర్లు, తేదీలు సరిచూసుకోవాలి. చైనీయ పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి వూ జావ్-షియే, జోసెఫ్ వూ ఒక్కరే. తైవాన్ ప్రభుత్వ పత్రాల్లో 'మింగువో 107' వంటి సంవత్సరం కనిపిస్తే దానికి 1911 కలపాలి. అది 2018 అవుతుంది.