వంపు బీడింగ్ పట్టీకి టేకు వినీరు అతికించే విధానం

హనుమకొండ, వరంగల్‌లలోని పాత ఇళ్లలో దర్వాజ చుట్టూ కనిపించే నగిషీ బీడింగ్ పట్టీ నిలువెల్లా టేకే. నేడు అదే అందాన్ని ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో ఒత్తి చేసిన పలక) పట్టీ మీద అర మిల్లీమీటరు మందమున్న టేకు వినీరు, అంటే పలుచని టేకు పొర, అతికించి తెస్తున్నారు. చదునైన పలకకు అతికించడం కొద్ది అనుభవంతోనే వస్తుంది. లోపలికి తిరిగిన గాడి, దాని పక్కనే బయటికి ఉబ్బిన గుండ్రం ఉన్న పట్టీకి మాత్రం ఒక క్రమం తప్పనిసరి.

జాగ్రత్త కొనేటప్పుడే మొదలవుతుంది. దుకాణంలో వినీరు అని అడిగితే సాధారణంగా ప్లైవుడ్‌కు ముందే అతికించిన ఎనిమిదడుగుల షీటు చూపిస్తారు. అది ఈ వంపులకు లొంగదు. విడి వినీరు గానీ, వెనుక పలుచని కాగితం అంటించిన వినీరు గానీ అడిగి తీసుకోవాలి. కొత్తగా నేర్చుకునేవారికి వెనుక కాగితం ఉన్నదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వంచేటప్పుడు అది నార (చెక్కలోని పోగులు సాగే దిశ) వెంబడి సులువుగా చీలదు. ఏది తీసుకున్నా నార పట్టీ పొడవునా సాగేలా కోయాలి. అలా కోసిన వినీరు వెదురు పుల్లల తెర చుట్టుకున్నట్లు వంపు మీద ఒదుగుతుంది. నార అడ్డంగా వస్తే విరుగుతుంది. వెడల్పు కోసం ఒక కాగితపు ముక్కను పట్టీ వంపులన్నిటిలోనికీ నొక్కి కొలిచి, రెండు వైపులా అయిదేసి మిల్లీమీటర్లు కలుపుకోవాలి. పట్టీయే కమానులా తిరిగి ఉంటే ఒకే ముక్క రెండు దిక్కులా వంగదు కనుక, కమానులో రాళ్లు పేర్చినట్లు చిన్న ముక్కలుగా కోసి అతుకులు కలపాలి.

విడి వినీరు పెళుసుగా ఉంటే కొద్దిగా గ్లిజరిన్ కలిపిన నీటితో తడిపి, కాగితాల మధ్య పెట్టి బరువు ఉంచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఈ ఆరనివ్వడం ఎంత ముఖ్యమో నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒక మే నెలలో తేమ పోకముందే అతికించిన పట్టీ మీద, సాయంత్రానికి పొడవునా వెంట్రుకవాసి పగుళ్లు తేలాయి. తడిసిన చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. అప్పటికే జిగురు పట్టేసి ఉంటే కదలడానికి చోటు లేక చీలుతుంది.

జిగురు విషయంలో తెల్ల ఫెవికాల్ రకమే నేను వాడతాను. రబ్బరు జిగురు వెంటనే పట్టుకుంటుంది గానీ, తరువాత వేసే పాలిష్‌లోని థిన్నరు విడి వినీరు రంధ్రాల గుండా దిగి దాన్ని మెత్తబరిస్తే బుడగలు లేస్తాయి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక విడి వినీరు వెనుక వైపును ముందుగా థిన్నరు గుడ్డతో తుడవాలి. పట్టీకి, వినీరుకు రెండింటికీ ఫెవికాల్‌ను సమంగా పూసి, తెల్లదనం పోయి పారదర్శకంగా మారి వేలికి అంటనంత వరకు ఆరబెట్టాలి. ఎండీఎఫ్ ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి దానికి రెండవ పూత అవసరం.

ఆపై ఆవిరి లేని ఇస్త్రీ పెట్టెను ఒక మాదిరి వేడిలో ఉంచి, పలుచని నూలు గుడ్డ మీదుగా నొక్కాలి. వేడికి ఆరిన ఫెవికాల్ మళ్లీ కరిగి పట్టుకుంటుంది. మొదట నొక్కవలసింది గాడి అడుగును. అక్కడ ఇస్త్రీ అంచుతో వేడి చేసి, వెంటనే గుండ్రటి కర్రతో రుద్దుతూ చల్లారేదాకా ఒత్తి పట్టాలి. తరువాతే ఉబ్బుల మీదకు, అంచులకు సాగాలి. ఉబ్బులను ముందు అతికిస్తే వినీరు రెండింటి మధ్య బిగుసుకొని గాడి మీద వంతెనలా నిలుస్తుంది. ఆ తరువాత నొక్కితే చీలడమే.

మరునాడు గోటితో తట్టుతూ పట్టీ పొడవునా వినాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట నార వెంబడి పదునైన బ్లేడుతో సన్నని గాటు పెట్టి, ఇంజెక్షను సిరంజితో జిగురు ఎక్కించి, పైకి వచ్చినదాన్ని తడి గుడ్డతో తుడిచి, నూనె కాగితం పరచి ఇసుక సంచి బరువు రాత్రంతా ఉంచాలి. ఇసుక గాడిలోనికీ దిగి సమంగా నొక్కుతుంది. అంచుల్లో మిగిలినదాన్ని కొత్త బ్లేడుతో కోసి, 220 నంబరు సాండ్ పేపరును నార వెంబడే తేలికగా ఆడించాలి. ఉబ్బుల శిఖరాల మీద రెండు మూడు సార్లు మించి రుద్దకూడదు. అర మిల్లీమీటరు అరిగితే కిందున్న ఎండీఎఫ్ బయటపడుతుంది, ఆ మచ్చను ఏ పాలిషూ దాచలేదు.