సింగపూర్ మెయిడ్ పర్మిట్: డబ్బు కట్టేముందు చూడాల్సిన కాగితం

పోయిన ఆదివారం మా ఆడపడుచు కూతురు సూళ్లూరుపేట లోకల్ ఎక్కి వ్యాసర్పాడిలో మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో పాస్‌పోర్టు జిరాక్సు, స్కూలు టీసీ, నాలుగు ఫొటోలు, గొలుసు కుదువపెట్టి తెచ్చిన అరవై వేలు.

"అత్తా, సింగపూర్ పర్మిట్‌కి అప్లికేషన్ ఎక్కడ ఇవ్వాలి? ఏజెంటు బుధవారం లోపల డబ్బు కట్టమంటున్నాడు" అంది.

ఎక్కడా ఇవ్వక్కర్లేదు, ముందు ఆ డబ్బు బీరువాలో పెట్టు అన్నాను. అక్కడ తోవాపాయోలో ఒక చైనీస్ అవ్వ దగ్గర నేను ఆరేళ్లు ఉండి వచ్చాను. పక్షవాతం వచ్చిన మనిషి. అన్నం తినిపించడం, స్నానం, మందులు, రాత్రి రెండుసార్లు పక్కకు తిప్పడం, అంతా నేనే. అందుకే మా వీధిలో ఎవరికి సింగపూర్ మాట వచ్చినా మా గుమ్మం తొక్కుతారు. అందరికీ చెప్పేదే ఇక్కడా చెబుతున్నాను.

పర్మిట్‌కి మనం అప్లై చేయం. చేసేది అక్కడి ఓనరు, లేదంటే ఓనరు తరఫున అక్కడి ఏజెన్సీ. సింగపూర్ కార్మిక శాఖను అక్కడందరూ ఎంఓఎం అంటారు. అప్లికేషన్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే వేస్తారు. 5,000 సింగపూర్ డాలర్ల పూచీ, మెడికల్ ఇన్సూరెన్స్, నెలనెలా గవర్నమెంటుకు కట్టే లెవీ, ఇవన్నీ ఓనరు బరువు. "నీ లెవీ కోసం జీతంలో పట్టుకుంటాం" అని ఎవరైనా అంటే అది తప్పు. మన వంతు పని మన కాగితాలు సరిగా ఉంచుకోవడం, వాళ్లు పంపే కాగితం చదవడం.

ముందు అర్హత. ఆడవాళ్లకే ఇస్తారు. వయసు 23 నిండాలి, 50 నిండకూడదు. ఎనిమిదేళ్ల చదువుకు సర్టిఫికెట్ ఉండాలి. మా ఎదురింటామె ముసలివాళ్లను నాకంటే బాగా చూసుకుంటుంది, కానీ ఐదుతో చదువు ఆపేసింది, దారి లేదు. ఇంకోటి, ఓనరుకు మనం చుట్టం కాకూడదు. సింగపూర్‌లో ఉన్న మేనకోడలు కాన్పుకని పిన్నిని ఈ పర్మిట్ మీద పిలిపించుకోవడం కుదరదు.

మా ఆడపడుచు కూతురి టీసీ చూస్తే తల తిరిగింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, టీసీలో పొడి అక్షరం ఒక్కటే ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు చివరికి పోయింది. మన తెలుగువాళ్లకు ఎక్కడికి వెళ్లినా ఈ ఇంటిపేరుతోనే చిక్కు. అప్లికేషన్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. మిగతావాటిని దానికి సరిపోయేలా ఇప్పుడే దిద్దించుకోవాలి. స్కూలుకు వెళ్లి పూర్తి పేరుతో స్టడీ సర్టిఫికెట్ రాయించుకో అని పంపాను. పాస్‌పోర్టే ఇంకా లేనివాళ్లకు చెన్నైలో అమింజికరై, సాలిగ్రామం, తాంబరం సేవా కేంద్రాలున్నాయి. మామూలు 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు. ఆన్‌లైన్‌లో మనమే కట్టి స్లాట్ తీసుకోవచ్చు, బయట టేబులు వేసుకుని కూర్చున్నవాళ్లకు మూడు వేలు ఇవ్వక్కర్లేదు.

నేను టెన్త్ ఫెయిలు. కాబట్టి నా పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే పనికి విదేశం వెళ్లేముందు మన ప్రభుత్వ అనుమతి చూడాలని, పడింది. దాన్ని చూసి నాకు అప్పట్లో పెద్ద టెన్షన్. నిజానికి ఈసీఆర్ ఉన్నవాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాల్సింది 18 దేశాలకు మాత్రమే. కువైట్, సౌదీ, ఖతార్, మలేషియా అందులో ఉన్నాయి, సింగపూర్ లేదు. కువైట్‌కి ఇంటిపనికి వెళ్లే ఈసీఆర్ ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలని కూడా రూలు ఉంది. కడప వైపు చుట్టాలు చెప్పే సంగతులు అక్కడివి, వాటిని సింగపూర్‌కి అతికించుకోకండి.

ఇక ఏజెంటు. ఇద్దరుంటారు, ఇక్కడివాడు, అక్కడివాడు. ఇక్కడివాడి పేరు మన కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉండాలి, లైసెన్సు నంబరుతో సహా. అతను తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. రసీదు ఇవ్వాలి. అక్కడి ఏజెన్సీ పేరు ఎంఓఎం జాబితాలో చూడొచ్చు, అందులో పనిచేసే మనుషుల రిజిస్ట్రేషన్ నంబర్లు కూడా ఉంటాయి. ఆ ఏజెన్సీ మన దగ్గర తీసుకోగల ఫీజు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున, ఎంతకాలం కాంట్రాక్టు అయినా రెండు నెలల జీతం దాటకూడదు. మా అమ్మాయిని అరవై వేలు నగదుగా అడిగినవాడి పేరు ఈ-మైగ్రేట్‌లో వెతికాం. రాలేదు. వాళ్ల అన్న పేరు మీద ఉందట. ఆ అన్న పేరు చెప్పమంటే రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు.

ఏజెన్సీ మన బయోడేటా తయారు చేస్తుంది. తొందరలో అన్నిటికీ అవునని టిక్కు పెట్టించేస్తారు, అక్కడ ఆగండి. పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టుకుంటారా అని అడుగుతారు. నేను గొడ్డు మాంసం వండనని రాయించాను, అవ్వ ఇంట్లో ఒక్కనాడూ అడగలేదు. మంచంపట్టిన మనిషిని లేపగలరా, ముక్కు గొట్టం ద్వారా తిండి పెట్టడం వచ్చా అని ఉంటుంది. రాకపోతే రాదనే చెప్పండి. గొట్టం పని వచ్చని అబద్ధం చెప్పి వెళ్లిన ఒకామె మొదటి వారమే ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. తప్పు జరిగితే అవతల ప్రాణం పోతుంది కదా.

తర్వాత వీడియో కాల్‌లో ఓనరు మాట్లాడతారు. మీరూ అడగండి: ఇంట్లో ఎంతమంది, పేషెంటు బరువెంత, రాత్రి లేవాలా, పడుకునేది ఎక్కడ, సెలవు ఏ రోజు. నేను బరువు అడగలేదు. అవ్వ డెబ్బై కిలోలు. నా నడుము నొప్పి అక్కడ మొదలైందే.

ఓనరుకు నచ్చితే అప్లికేషన్ వేస్తారు, ఎంఓఎం ఒప్పుకుంటే ఐపీఏ అనే ముందస్తు అనుమతి ఉత్తరం వస్తుంది. అసలైన కాగితం ఇదే. సింగపూర్‌లో దిగడానికి వీసా కూడా ఇదే, ఒక్కసారి దిగడానికి పనికొస్తుంది. "ముందు విజిట్‌లో వెళ్లు, పర్మిట్ తర్వాత చేయిస్తాం" అన్నవాడి గుమ్మం మళ్లీ ఎక్కకండి.

2016లో నా ఐపీఏని నాకు మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో, ఏజెంటు ఫోన్‌లో, అర నిమిషం చూపించారు. నోటిమాటగా చెప్పిన జీతం 550 డాలర్లు. కాగితంలో ఉన్నది 450. అది నాకు తెలిసింది మొదటి నెల జీతం చేతికొచ్చాక. ఓనరమ్మ మంచిదే, తాను ఒప్పుకున్నదే ఇచ్చింది. మధ్యలో వంద డాలర్లు పుట్టించింది ఇక్కడివాడి నోరు. అప్పటికి నా డబ్బు కట్టేసి, సంతకాలు పెట్టేసి ఉన్నాను.

కాబట్టి ఐపీఏ మీ చేతికి, మీకు అర్థమయ్యే భాషలో, విమానం ఎక్కకముందే రావాలి. ఓనరు పేరు, ఇంటి అడ్రసు, జీతం అంకె చూడండి. వీడియో కాల్‌లో అనుకున్న జీతం, కాంట్రాక్టులో జీతం, ఐపీఏలో జీతం, మూడూ ఒకటే ఉండాలి. ఇంగ్లీషు రాకపోతే కాలేజీకి వెళ్లే పక్కింటి పిల్లతో చదివించుకోండి. ఫొటో తీసి ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచండి. ఎస్‌జీ వర్క్‌పాస్ అనే యాప్‌లో పర్మిట్ సంగతి చూసుకోవచ్చు. ఆ అడ్రసులో తప్ప ఓనరు అక్క ఇంట్లోనో, వాళ్ల కొట్లోనో పని చేయించడం అక్కడి చట్టానికి విరుద్ధం.

సింగపూర్‌లో దిగేముందు మూడు రోజుల లోపల ఎస్‌జీ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం. దానికీ ఐదు వందలు తీసుకునేవాళ్లున్నారు.

దిగాక మొదటిసారి వెళ్లినవాళ్లకు ఒకరోజు క్లాసు ఉంటుంది, ఫీజు ఓనరు కడతారు. ఎత్తైన ఫ్లాట్లలో కిటికీలు బయటవైపు ఎలా తుడవాలో అక్కడ చెబుతారు: గ్రిల్లుకు తాళం వేసి ఉండాలి, పక్కన పెద్దవాళ్లు నిలబడి చూస్తుండాలి. వినండి, పన్నెండో అంతస్తు మా వ్యాసర్పాడి మేడ కాదు. రెండు వారాల లోపల మెడికల్. టీబీ, హెచ్ఐవీ, సిఫిలిస్, మలేరియా, గర్భం చూస్తారు. ఫెయిలైతే తిరుగు టికెట్టే. అందుకే ఛాతీ ఎక్స్‌రే ఇక్కడే ఒకసారి తీయించుకుని వెళ్లండి. ఇవి అయ్యాక వేలిముద్రలు, ఫొటో, కార్డు. పర్మిట్ రెండేళ్ల దాకా ఇస్తారు, తర్వాత ఓనరు పొడిగించాలి. ఆరు నెలలకోసారి మళ్లీ మెడికల్ ఉంటుంది.

వారానికి ఒక సెలవు మనది. డబ్బిచ్చి పని చేయించుకోవచ్చు, కానీ 2023 నుంచి నెలకు ఒక్క రోజైనా సెలవు ఇచ్చి తీరాలి, దానికి డబ్బు బదులు కుదరదు. పాస్‌పోర్టు మన దగ్గరే ఉంచుకోవాలి. "భద్రంగా పెడతా ఇవ్వు" అని మా ఓనరమ్మా అడిగింది. నా పెట్టెకు తాళం ఉందమ్మా అన్నాను, నవ్వి ఊరుకుంది.

మా అమ్మాయి స్టడీ సర్టిఫికెట్ శుక్రవారం చేతికొస్తుందట. వేరే ఏజెన్సీ ఒకటి ఈ-మైగ్రేట్‌లో దొరికింది, బయోడేటా వాళ్లకు ఇచ్చాం. ఐపీఏ ఇంకా రాలేదు. అరవై వేలు మా బీరువాలోనే ఉన్నాయి, గొలుసు విడిపించేద్దామా అని వాళ్లమ్మ రోజూ ఫోన్ చేస్తోంది.