క్యూబెక్ స్వాతంత్ర్యం గొడవ అర్థం చేసుకోవడం ఎలా: కొత్తగా వెళ్లే తెలుగువాళ్లకు

కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రావిన్స్ క్యూబెక్. అక్కడి పెద్ద ఊరు మాంట్రియల్‌కి చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లు ఎవరో ఒకర్ని తప్పకుండా అడిగే ప్రశ్న, "వీళ్లు కెనడా నుంచి విడిపోతారట కదా, నిజమేనా?" అని. టొరంటోలో స్థిరపడ్డ బంధువుని అడిగితే అదంతా పాత గొడవ, ఎప్పుడో సద్దుమణిగింది అంటాడు. ఆఫీసులో పక్క సీటాయన ఇంట్లో ఫ్రెంచ్ మాట్లాడేవాడైతే ఒక మాట, ఇంగ్లిష్ మాట్లాడేవాడైతే ఇంకో మాట. వార్తలు చూస్తే మరింత గందరగోళం. అందుకని దీన్ని ఏ వరుసలో చదవాలి, ఎక్కడ పొరబడతాం, ఎవరితో ఎలా మాట్లాడాలి అన్నది ఇక్కడ రాస్తున్నా. ఎవరిది న్యాయం అన్న తీర్పు మాత్రం నన్ను అడగొద్దు.

ముందు రెండు ప్రశ్నల్ని విడదీయండి

"మేమొక ప్రత్యేక జాతి" అనడం ఒకటి, "మాకు ప్రత్యేక దేశం కావాలి" అనడం ఇంకొకటి. ఈ రెండూ కలిపేసుకుంటే ఇక ఏ వార్తా అర్థం కాదు. మొదటిదానికి క్యూబెక్‌లో దాదాపు అన్ని పార్టీలూ తలూపుతాయి, కెనడాలోనే ఉండాలనే లిబరల్స్‌తో సహా. రెండోదాని దగ్గరే చీలిక.

ఆధారాలు రోడ్డు మీదే కనిపిస్తాయి. అది కెనడాలో ఒక ప్రావిన్స్ మాత్రమే, కానీ దాని శాసనసభ పేరు 1968 నుంచి నేషనల్ అసెంబ్లీ. క్యూబెక్ సిటీ ఉన్న ప్రాంతం పేరు కాపితాల్ నాసియొనాల్, అంటే జాతీయ రాజధాని, కెనడా రాజధాని ఒటావా సంగతి అసలు తమకు తెలియనట్టు. జూన్ 24న జరిగే సెయింట్ జాన్ బాప్టిస్ట్ పండగ అక్కడ జాతీయ పండగ. జులై 1 కెనడా డే నాడేమో సగం మాంట్రియల్ ఇల్లు మారే పనిలో ఉంటుంది, ఎందుకంటే అద్దె ఒప్పందాలు ఎక్కువగా జూన్ 30తో ముగుస్తాయి. (ఇది కావాలని చేసిన కుట్రేమీ కాదు లెండి, కానీ చూసేవాళ్లకి తమాషాగానే ఉంటుంది.) ప్రతి కారు నంబరు ప్లేటు మీదా "జ్యు మ సువియెన్", అంటే "నాకు గుర్తుంది" అని ఉంటుంది, ఏది గుర్తుందో మాత్రం రాసి ఉండదు. 2006 నవంబరులో కెనడా పార్లమెంటే, అదీ స్టీఫెన్ హార్పర్ లాంటి కన్జర్వేటివ్ ప్రధాని పెట్టిన తీర్మానంతో, క్యూబెక్ వాళ్లు ఐక్య కెనడాలో ఒక జాతి అని ఒప్పుకుంది.

కాబట్టి బాల్కనీకి లిల్లీ పువ్వుల నీలం క్యూబెక్ జెండా కట్టినంత మాత్రాన ఆ ఇంటాయన దేశం చీలాలంటున్నాడని అనుకోకండి. ఫ్రాన్స్వా లెగో సంగతే చూడండి. ఒకప్పుడు స్వాతంత్ర్యవాద పార్టీలో మంత్రి, తర్వాత సొంత పార్టీ పెట్టి, రెఫరెండం (విడిపోవాలా వద్దా అని జనాన్నే అడిగే ఓటింగు) జోలికి పోను అని చెప్పి 2018లో గెలిచాడు. ఆ గెలిచినాయనే టీచర్లు, పోలీసులు లాంటి కొన్ని ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు డ్యూటీలో మతచిహ్నాలు ధరించకూడదని 2019లో 21వ బిల్లు, ఫ్రెంచ్‌ని ఇంకా బిగించే 96వ బిల్లు 2022లో తెచ్చాడు. మొదటి ప్రశ్నకి గట్టిగా అవును, రెండోదానికి ఇప్పుడొద్దు. మధ్యలో ఉన్న చాలామంది ఓటర్లదీ ఇదే లెక్క.

తర్వాత తేదీలు, కానీ అన్నీ అక్కర్లేదు

పుస్తకాలు 1534లో జాక్ కార్టియే దిగిన దగ్గర్నుంచి మొదలెడతాయి. మీకు 1608 (షాంప్లేన్ క్యూబెక్ సిటీ కట్టిన ఏడు), 1759 (అదే ఊరి బయట అబ్రహాం మైదానంలో ఇంగ్లిష్ సైన్యం చేతిలో ఓటమి) చాలు. 1763లో ఫ్రాన్స్ ఆ గడ్డని బ్రిటన్‌కి వదిలేస్తూ సంతకం పెట్టి వెళ్లిపోయింది, జనం మిగిలిపోయారు. ఓడిపోయినా మాసిపోలేదు అన్న పట్టుదల అక్కడి నుంచే.

అక్కడి నుంచి నేరుగా 1960కి దూకేయండి, అసలు కథ అక్కడుంది. అప్పటిదాకా బడి, ఆస్పత్రి అన్నీ కాథలిక్ చర్చి చేతిలో, ఫ్యాక్టరీలూ బ్యాంకులూ ఎక్కువగా ఇంగ్లిష్ వాళ్ల చేతిలో. 1961 లెక్కలు పట్టుకుని ఫెడరల్ కమిషన్ ఒకటి చూస్తే, క్యూబెక్‌లో 14 జాతి మూలాల మగవాళ్ల ఆదాయాల్లో ఫ్రెంచ్ మూలం వాళ్లది 12వ స్థానం. సొంత గడ్డ మీద, జనాభాలో మెజారిటీ అయ్యుండి! ఈ ఒక్క అంకె బుర్రలో పెట్టుకుంటే మిగతా కోపం సగం అర్థమవుతుంది. జాన్ లెసాజ్ ప్రభుత్వం "మన ఇంటికి మనమే యజమానులం" అనే నినాదంతో 1962 ఎన్నికలకి వెళ్లి ప్రైవేటు కరెంటు కంపెనీల్ని ప్రభుత్వ సంస్థ హైడ్రో క్యూబెక్‌లో కలిపేసింది. ఆ పని ముందుండి నడిపిన మంత్రి రెనే లెవెక్. టీవీ జర్నలిస్టుగా పేరు తెచ్చుకుని, గొలుసుకట్టుగా సిగరెట్లు కాల్చే ఆ పొట్టి మనిషే 1968లో స్వాతంత్ర్యవాద పార్టీ అయిన పార్టీ కెబెక్వా పెట్టి, 1976 నవంబరు 15న అధికారంలోకి తెచ్చాడు.

మధ్యలో 1970 అక్టోబరు ఉంది, దాన్ని దాటేయొద్దు. ఎఫ్ఎల్‌క్యూ అనే సాయుధ ముఠా బ్రిటిష్ దౌత్యాధికారి జేమ్స్ క్రాస్‌ని, తర్వాత క్యూబెక్ మంత్రి పియేర్ లాపోర్త్‌ని ఎత్తుకెళ్లింది, లాపోర్త్‌ని చంపేసింది. ప్రధాని పియేర్ ట్రూడో సైన్యాన్ని వీధుల్లోకి దింపి, యుద్ధకాలపు చట్టాన్ని అమలు చేశాడు, దాదాపు 500 మందిని వారెంటు లేకుండా లోపలేశారు, వాళ్లలో కవులూ గాయకులూ ఉన్నారు. ఒకళ్లకి ఇది ఉగ్రవాదం, ఇంకొకళ్లకి ప్రభుత్వ దౌర్జన్యం. రెండూ జరిగాయి. లెవెక్ పార్టీ మాత్రం మొదట్నుంచీ బ్యాలెట్ బాటే పట్టింది, ఆ తేడా మర్చిపోతే అందర్నీ ఒకే గాటన కట్టేస్తాం.

1980 మే 20న మొదటి రెఫరెండం, 59.56 శాతం మంది కాదన్నారు. 1982లో కెనడా రాజ్యాంగాన్ని లండన్ నుంచి తెచ్చుకున్నప్పుడు క్యూబెక్ ప్రభుత్వం ఒప్పుకోలేదు, అయినా అది వర్తించింది. ఆ ఒప్పుకోలు తర్వాతైనా సంపాదిద్దామని చేసిన మీచ్ లేక్ ఒప్పందం 1990 జూన్‌లో కూలిపోయింది. "మమ్మల్ని వద్దనుకున్నారు" అన్న మాట ఎవరి నోటైనా వింటే దాని వెనక ఎక్కువసార్లు ఈ రెండు సంఘటనలే ఉంటాయి.

1995 ప్రశ్నను స్వయంగా చదవండి

చాలామంది ఫలితం చూసి ఆగిపోతారు. 1995 అక్టోబరు 30న జరిగిన రెండో రెఫరెండంలో కాదు 50.58 శాతం, అవును 49.42 శాతం, తేడా 54,288 ఓట్లు, పోలింగ్ 93 శాతం పైమాటే. చెల్లని ఓట్లే 86 వేల పైచిలుకు, అంటే తేడా కంటే ఎక్కువ, దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి.

కానీ ప్రశ్న చూడండి. "కెనడా నుంచి విడిపోదామా?" అని అడగలేదు. కొత్త ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యం కోసం కెనడాకి లాంఛనంగా ఒక ప్రతిపాదన పెట్టాక, క్యూబెక్ భవిష్యత్తుకు సంబంధించిన బిల్లు పరిధిలో, 1995 జూన్ 12న సంతకమైన ఒప్పందం పరిధిలో, క్యూబెక్ సార్వభౌమం కావడానికి మీరు అంగీకరిస్తారా, అనే అర్థం వచ్చే ఒకే ఒక్క పొడుగు వాక్యం. అందులో దేశం అన్న మాటే లేదు. అప్పటి క్యూబెక్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జాక్ పారిజో సూటిగా స్వాతంత్ర్యం కావాలనే మనిషి, కెనడా పార్లమెంటులో క్యూబెక్ స్వాతంత్ర్యవాద పార్టీ నాయకుడు లూసియెన్ బుషార్ భాగస్వామ్యం లేకపోతే జనం రారు అన్న మనిషి, ఇద్దరికీ మధ్య బేరం కుదిరి పుట్టిన ప్రశ్న అది. ఓటేసినవాళ్లలో కొందరు కెనడా పాస్‌పోర్టు, కెనడా డాలరు అలాగే ఉంటాయనే నమ్మకంతో అవును అన్నారు. నా మటుకు నాకు ఆ 49.42లో స్వాతంత్ర్యం ఎంత, బేరం ఎంత అన్నది విడదీయడం ఎవరివల్లా కాదనిపిస్తుంది.

దాని తర్వాతి పరిణామం పొడిగా ఉన్నా ముఖ్యం. 1998లో కెనడా సుప్రీంకోర్టు, క్యూబెక్‌కి ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదంది, అయితే స్పష్టమైన ప్రశ్నకి స్పష్టమైన మెజారిటీ వస్తే మిగతా కెనడా చర్చలకి కూర్చోవాల్సిందే అని కూడా అంది. స్పష్టమైన మెజారిటీ అంటే ఎంత? చెప్పలేదు. 2000లో ఒటావా క్లారిటీ చట్టం చేసి అది తేల్చేది మేమే అంది, అంకె మాత్రం రాయలేదు. అదే ఏడు క్యూబెక్ తన 99వ బిల్లులో సగం ప్లస్ ఒకటి చాలు అని రాసుకుంది. ఆ పీటముడి ఇప్పటికీ అలాగే ఉంది.

"కాదు" అన్నవాళ్లు ఎవరో కూడా చూడండి

ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లలో సుమారు 60 శాతం అవును అన్నారంటారు. ఇంగ్లిష్ వాళ్లు, వలస వచ్చినవాళ్లు దాదాపు మూకుమ్మడిగా కాదన్నారు. ఉత్తరాన విశాలమైన భూములున్న క్రీ ఆదివాసులు వారం ముందే, అక్టోబరు 24న, సొంతంగా ఓటింగు పెట్టుకుని 96 శాతంతో మేం క్యూబెక్ వెంట రాం అని చెప్పేశారు. కెనడాని చీల్చొచ్చంటే క్యూబెక్‌ని ఎందుకు చీల్చకూడదు అన్నది వాళ్ల ప్రశ్న. హైడ్రో క్యూబెక్ పెద్ద డ్యాములున్న జేమ్స్ బే వాళ్ల గడ్డే కాబట్టి ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదు.

ఓడిన రాత్రి పారిజో మైకు ముందు, మనల్ని ఓడించింది డబ్బూ, కొన్ని ఎత్నిక్ ఓట్లూ అనేశాడు. మర్నాడే రాజీనామా ప్రకటించాడు. ముప్పై ఏళ్లు దాటినా మనలాంటి వలసజనం ఉన్న చోట ఆ మాట చల్లారలేదు. ఉద్యమంలో ఉన్న చాలామందికీ అది సిగ్గుగానే ఉంటుంది, కాబట్టి కనిపించిన ప్రతి స్వాతంత్ర్యవాదికీ దాన్ని అంటగట్టకండి.

తెలంగాణతో పోల్చే ముందు

మనకి మొదట గుర్తొచ్చేది అదే, సహజం. కానీ తెలంగాణ అడిగింది దేశంలోనే ఇంకో రాష్ట్రం, దానికి రాజ్యాంగంలో 3వ అధికరణం అనే దారి ఉంది, పార్లమెంటు చట్టం చేసింది, ప్రజల ఓటింగు పెట్టలేదు. క్యూబెక్‌లో అడిగేది వేరే దేశం, రాజ్యాంగంలో దానికి సిద్ధంగా ఉన్న దారే లేదు. పైగా ఇక్కడ రెండు వైపులా తెలుగే, అక్కడ గొడవకి మూలమే భాష. కలిసే చోటు ఒకటుంది, యాస. క్యూబెక్ ఫ్రెంచ్‌ని పారిస్ వాళ్లు వెక్కిరించడం, సినిమాల్లో తెలంగాణ యాసని ఏళ్ల తరబడి విలన్లకీ కమెడియన్లకీ అంటగట్టడం, ఈ రెండు నొప్పులూ ఒకే రకం. ఆ ముచ్చట చెప్పండి, ఎదుటివాళ్లు వెంటనే అందుకుంటారు.

మాట్లాడేటప్పుడు

"సెపరటిస్టు" అనకండి, అది ఎక్కువగా ఎదుటి పక్షం వాడే మాట. వాళ్లు తమని సువరెనిస్ట్ (సార్వభౌమవాది) లేదా ఎందెపాందాంతిస్ట్ (స్వాతంత్ర్యవాది) అనుకుంటారు. "మీరెటు ఓటేశారు" అని అడక్కండి, 1995లో ఒకే ఇంట్లో రెండు ఓట్లు పడి మాటలు ఆగిపోయిన కుటుంబాలున్నాయి. "1995లో మీ ఇంట్లో వాతావరణం ఎలా ఉండేది?" అని అడగండి, గంటసేపు చెబుతారు. అది కూడా వచ్చీరాని ఫ్రెంచ్‌లో మొదలుపెడితే సగం పని అయినట్టే. బోంజూర్ అని పలకరించాక ఇంగ్లిష్‌లోకి మారినా ఎవరూ ఏమీ అనుకోరు. షాపుల్లో "బోంజూర్-హాయ్" అనడం మీద నేషనల్ అసెంబ్లీ 2017లో ఏకగ్రీవ తీర్మానమే చేసిందంటే, ఈ పలకరింపు చిన్న విషయం కాదని తెలుస్తోంది కదా.

ఇక ఇంటి విషయం. 1977 నాటి 101వ బిల్లు వల్ల వలస వచ్చినవాళ్ల పిల్లలు సాధారణంగా ఫ్రెంచ్ బడికే వెళ్లాలి. తాత్కాలిక పర్మిట్ మీద వచ్చినవాళ్లకి మినహాయింపు దొరకొచ్చు, 96వ బిల్లు తర్వాత అది మూడేళ్లకే. మనవాళ్లు దీన్ని చూసి టెన్షన్ పడతారు, తిట్టుకుంటారు కూడా. అయితే ఈ చట్టం ముందు వలస కుటుంబాల్లో ఎక్కువమంది ఇంగ్లిష్ బళ్లనే ఎంచుకునేవాళ్లు, ఆ లెక్కన మాంట్రియల్ చేజారుతుందన్న భయంలోంచే అది పుట్టింది. ఆ సంగతి తెలిస్తే కోపం తగ్గకపోవచ్చు గానీ వాదన మాత్రం మెరుగవుతుంది.

వార్తలు, సర్వేలు చదివేటప్పుడు

ఒకే సంఘటనని ఒక ఫ్రెంచ్ పత్రికలో, ఒక ఇంగ్లిష్ పత్రికలో చూడండి. ల దెవ్వార్ స్వాతంత్ర్యం వైపు, లా ప్రెస్ సంపాదకీయాలు సంప్రదాయంగా కెనడా వైపు, గెజెట్ మాంట్రియల్ ఇంగ్లిష్ వాళ్ల గొంతు. ఫ్రెంచ్ రాకపోతే ఫోన్లో అనువాదం పెట్టుకునైనా చదవండి, టొరంటో పత్రికలతోనే సరిపెట్టుకుంటే సగమే తెలుస్తుంది.

సర్వే కనిపిస్తే అంకె కంటే ముందు ప్రశ్న చూడండి. "క్యూబెక్ దేశం కావాలా" అన్నది ఒకటి, "రెఫరెండం ఇప్పుడు పెట్టాలా" అన్నది మరొకటి. మొదటిదానికి అవును అనేవాళ్లలోనే రెండోదానికి వద్దనేవాళ్లుంటారు, మూడోసారి కూడా ఓడితే ఇక అంతే అన్న భయం వాళ్లది. మూడోది "పార్టీ కెబెక్వాకి ఓటేస్తారా". దానికి వచ్చే మద్దతులో అధికార పార్టీ మీద విసుగు ఎంతో కలిసి ఉంటుంది. 2022లో ఆ పార్టీ గెలిచింది 3 సీట్లే, అయినా దాని నాయకుడు పాల్ సెయింట్ పియేర్ ప్లామొందాన్ బ్రిటిష్ రాజు పేరున ప్రమాణం చేయనని మొండికేసి కూర్చుంటే, ఆ డిసెంబరులో అసెంబ్లీ చట్టాన్నే మార్చింది. అధికారంలోకొస్తే మొదటి విడతలోనే రెఫరెండం అని ఆయన మాటిచ్చాడు. ఈ మూడు ప్రశ్నలకి వచ్చే శాతాల్ని విడివిడిగా రాసుకుంటూ పోతే ఏ హెడ్‌లైన్ ఊదరగొడుతోందో మీకే తెలిసిపోతుంది.