బాధితురాలి గుర్తింపు బయటపడకుండా వార్త రాయడం

లైంగిక దాడి వార్తలో పేరు తీసేస్తే సరిపోతుందనుకోవడమే పెద్ద పొరపాటు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం బాధితురాలు ఎవరో తెలిసేలా ఏం ప్రచురించినా రెండేళ్ల వరకు జైలు, జరిమానా. బాధితులు పిల్లలైతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్ ఇంకా వివరంగా చెబుతుంది: చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఉండే పేట ఏవీ రాకూడదు. రిపోర్టర్‌తో పాటు ప్రచురణకర్త, యజమాని కూడా బాధ్యులే.

రాసిన వార్త పంపేముందు ఆ ఊరివాడిలా ఓసారి చదవండి. 'ఫలానా గ్రామంలో కిరాణా కొట్టు నడిపే వ్యక్తి రెండో కూతురు, తొమ్మిదో తరగతి' అని ఉంటే పేరు రాసినట్టే. ఊరు తీసి మండలమో జిల్లానో పెట్టండి. తండ్రి వృత్తి, బడి తీసేయండి. నిందితుడు బంధువైతే అతని పేరు, బంధుత్వం రెండూ కలిపి రాయకండి. అక్కడే బాధితురాలెవరో తెలిసిపోతుంది. వీడియోలో ముఖం మసకచేసి ఇంటి గుమ్మం, తల్లి గొంతు వదిలేయడమూ అంతే.

ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చినా ఫొటో తీసి పెట్టకూడదు. బాధితురాలు చనిపోయినా, తల్లిదండ్రులు ఒప్పుకున్నా సెషన్స్ జడ్జి అనుమతి లేకుండా పేరు వాడొద్దని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో హైదరాబాద్ శివార్లలో జరిగిన హత్యాచార ఘటనలో బాధితురాలికి 'దిశ' అని మారుపేరు పెట్టేసరికే అసలు పేరు సోషల్ మీడియా అంతా తిరిగేసింది. అందరూ రాశారన్నది కోర్టులో సమాధానం కాదు. పాత లింకులు, హ్యాష్‌ట్యాగులు, థంబ్‌నెయిళ్లు కూడా వెతికి సరిచేయండి.