గోడ మీది ఫొటోకి ఫొటో తీస్తే అది మనదవుతుందా?

మా మండలంలో ఒక బుర్రకథ కళాకారుడు ఉండేవారు. ఆయన పోయాక తెలుగు వికీపీడియాలో ఆయన మీద వ్యాసం రాశాను. ఫొటో కోసం వాళ్ళింటికి వెళితే, తంబురా భుజాన వేసుకుని నిలబడిన ఫొటో ఒకటి గోడకి ఫ్రేములో కనిపించింది. 1982లో గుంటూరులో స్టూడియోకి వెళ్ళి తీయించుకున్నారట. మొబైల్‌తో దాన్ని ఫొటో తీసుకున్నాను. అన్ని భాషల వికీపీడియాలకీ ఉమ్మడిగా, ఎవరైనా వాడుకోగల ఫొటోలు దాచే వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కిస్తూ, ఇది నా సొంత కృతి అని టిక్ పెట్టాను. వారం తిరక్కుండానే నా చర్చా పేజీలో తొలగింపు నోటీసు వచ్చింది.

నోటీసు పెట్టినవారిది తప్పు కాదు. ఫొటోకి ఫొటో తీస్తే మనకి కొత్త హక్కేమీ పుట్టదు. ఫొటో ఎక్కించే ముందు మనం వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న "ఇది ఎక్కడ దొరికింది?" అన్నది కాదు, "దీన్ని ఎవరు తీశారు, ఎవరు తీయించారు?" అన్నది. మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం, మామూలుగా హక్కు తీసినవారిది. కానీ డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. సెక్షన్ 17 చెప్పేది ఇదే. పెళ్ళి ఫొటోలకీ ఇదే వర్తిస్తుంది. అంటే ఆ స్టూడియో ఫొటో మీద హక్కు ఆ కళాకారుడిది, ఆయన తర్వాత ఆయన పిల్లలది. నలభై ఏళ్ళు దాటింది కదా అని ఊరికే తీసుకోవడానికి వీల్లేదు, దాని కాపీరైట్ ఇంకా ముగియలేదు.

అందుకని మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. అనుమతి అడిగేటప్పుడు "వికీపీడియాలో పెట్టుకుంటాం" అని అడిగితే సరిపోదు. కామన్స్‌కి కావాల్సింది వికీపీడియా వరకే పనికొచ్చే అనుమతి కాదు. అందుకే వాళ్ళ పెద్దమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను: "అక్కా, ఒకసారి ఇస్తే ఎవరైనా వాడుకోవచ్చు. పుస్తకం వేసి అమ్ముకునేవాళ్ళు కూడా వాడుకోవచ్చు, మార్పులు చేసుకోవచ్చు. ఎక్కడిదో, ఎవరిదో మాత్రం వాళ్ళు చెప్పాలి. తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరదు." తమ్ముళ్ళిద్దరితో మాట్లాడి చెబుతానంది. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "నాన్న కథ చెప్పిందే పదిమంది కోసం కదా మాష్టారూ, పెట్టండి" అంది. ముగ్గురి తరఫునా కామన్స్‌కి అనుమతి ఈమెయిల్ పంపించాం. అందులో ఫైలు పేరు, తాము హక్కుదారులమన్న మాట, క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0 అని (పేరు చెప్పాలి, మార్చినదాన్ని కూడా ఇదే లైసెన్సుతో పంచాలి అని దాని అర్థం) లైసెన్సు పేరు స్పష్టంగా ఉండాలి. వాట్సాప్‌లో "ఓకే" అన్నది చూపిస్తే చెల్లదు. లైసెన్సులో ఎన్‌సీ అని (వ్యాపారానికి వాడకూడదని) గానీ, ఎన్‌డీ అని (మార్చకూడదని) గానీ ఉంటే కామన్స్ ఆ ఫొటోని తీసుకోదు.

"ఫెయిర్ యూజ్ కింద పెట్టేస్తే పోయేది కదా" అని ఒక మిత్రుడు అన్నాడు. తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, దాన్ని సముచిత వినియోగం అంటాం: హక్కుదారు అనుమతి లేకుండానే పరిమితంగా వాడుకోవడం. కామన్స్‌లో అది అసలు కుదరదు, నేరుగా తెవికీలోకే ఎక్కించాలి. సినిమా పోస్టర్లు, పుస్తకాల అట్టలు మనం అలాగే పెడతాం. బొమ్మ చిన్న సైజులో ఉండాలి, ఏ వ్యాసంలో ఎందుకు అవసరమో రాయాలి, వ్యాసంలో వాడకుండా వదిలేస్తే తొలగిస్తారు. చనిపోయినవారి ఫొటో వేరే దారిలో దొరకనప్పుడు ఇలా పెట్టే వీలుంది. బతికున్నవారికి మాత్రం ఇది వర్తించదు, ఎవరో ఒకరు వెళ్ళి కొత్తగా ఫొటో తీయవచ్చు కాబట్టి. మా కళాకారుడి ఫొటోని ఈ దారిలో పెట్టి ఉంటే అది ఆ ఒక్క వ్యాసానికే పరిమితమయ్యేది. ఇప్పుడు ఏ భాష వికీపీడియాలోనైనా వాడుకోవచ్చు, మా బడి పిల్లలు పోస్టర్ మీద అచ్చు వేసుకోవచ్చు. ఆ తేడా నాకు చాలా పెద్దది.

గూగుల్‌లో దొరికినవి, ఫేస్‌బుక్‌లో తిరిగేవి జోలికే వెళ్ళకండి. ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉన్న ఫొటో కూడా దానంతటదే ఉచితం కాదు, అక్కడ లైసెన్సు ఏం రాశారో చదవాలి.

బయట తీసే ఫొటోల దగ్గర ఒక చిక్కుంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్ని, భవనాన్ని ఫొటో తీసి ప్రచురించవచ్చని సెక్షన్ 52 చెబుతోంది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలు, అమరావతి ధ్యానబుద్ధుడు ఇలాంటివే. కానీ ఫ్లైఓవర్ స్తంభాల మీద ఈమధ్య వేసిన రంగుల బొమ్మలకి ఈ మినహాయింపు ఉన్నట్టు కామన్స్ లెక్కించదు. వాటికి చిత్రకారుడి అనుమతి కావాలి. లేపాక్షి కప్పు మీది చిత్రాలకి మాత్రం ఆ బాధ లేదు, వాటికి కాపీరైట్ కాలం ఎప్పుడో దాటిపోయింది.

రెండోసారి వెళ్ళిన రోజునే ఆయన తంబురాని, కాలి గజ్జెలని వాళ్ళ వరండాలో చాప మీద పెట్టించి నేనే ఫొటోలు తీశాను. వాటికి నా సొంత కృతి అని ధైర్యంగా టిక్ పెట్టాను. ఎవరి ఈమెయిలూ అవసరం పడలేదు.